అరగంటకొకసారి

రాత్రి పదిన్నర.
ఫ్రిజ్ పైఅర తెరిచి స్టీలు గిన్నె బయటికి తీస్తాను.
అంచుల్లో మంచు పట్టింది, నడుమ ఇంకా పాయసమే.
ఫోర్కుతో అంచులు గీకి నడుముకు తోస్తాను.
మూత. మళ్ళీ పదకొండుకు.

మిషను లేనోడికి చెయ్యే మిషను.

మొన్న సాయంత్రం మెసానికల్ గ్రౌండు నుంచి
చెమటలు కక్కుకుంటా వచ్చి
చెప్పులు గుమ్మంలో చెరోపక్క వదిలేసి
ప్రసూన చెప్పింది:
"నాయనా, కోచ్ సారు లెక్క రాసిచ్చినాడు.
దినానికి తొంభై గ్రాముల ప్రొటీను.
ఈ ఎండకు గుడ్లు చూస్తేనే వాంతికొస్తా ఉండాది."

తొంభై ఐదు కిలోల ఇనుము
నెత్తి మీదికెత్తి నిలబెడతాది నా బిడ్డ.
గుడ్డును మాత్రం నోటిదాకా ఎత్తలేకపోయింది.

అంగట్లో పొడి డబ్బా చూసొచ్చినాను.
మూడువేల నాలుగొందలు.
డబ్బా మీద కండలోడు నవ్వతా ఉండాడు.
ఆ నవ్వుకే సగం ధర పెట్టినట్టుండారు.

అందుకని ఇట్లా:
లీటరున్నర పెరుగు పాత పంచెగుడ్డలో మూటగట్టి
రాత్రంతా కొళాయికి వేలాడదీసినాను.
నీళ్ళు తపేలాలోకి,
సత్తువ మూటలోకి.
వేయించిన చెనక్కాయలు పొట్టు చెరిగి
పుట్నాలతో కలిపి మిక్సీలో, నూనె తేలేదాకా.
పాలపొడి నాలుగు గరిటెలు.
గుజ్జు ఫ్యాక్టరీలో నైట్ షిఫ్టు చేసే బామ్మర్ది సెల్వం
టిఫిన్ క్యారియర్లో తెచ్చిన తోతాపురి రసం.
బెల్లం మాత్రం మరీ తగ్గించకూడదు,
తీపి లేని మంచు రాయిగా మారతాది.

నాకెట్లా తెలుసంటే
పద్దెనిమిదేళ్ళు పుల్లైసు అమ్మినవాణ్ణి నేను.
సైకిలు వెనక చెక్కపెట్టె, రబ్బరు హారను,
మురకంబట్టు నుంచి గ్రీమ్స్‌పేట దాకా ప్రతి బడిగేటూ నాదే.
ఎర్రది, పచ్చది, నారింజది.
ఇందులో ఎన్ని గ్రాములని ఏ బిడ్డా అడగలేదు.
రంగంతా పీల్చేసి
పుల్లకు మిగిలిన తెల్లముక్క నాకే చూపించి
ఎర్ర నాలుకలతో నవ్వేవాళ్ళు.
ఆ రంగునీళ్ళ డబ్బుతోనే
ప్రసూన ఎముక గట్టిపడింది.

పదకొండు. గీకినాను.
పదకొండున్నర. గీకినాను. ఇప్పుడిప్పుడే జున్ను మాదిరి.
పన్నెండూ పదికి కరెంటు పోయింది.

ఫ్రిజ్ ఒకసారి వణికి ఊరుకుంది.
చీకట్లో విసనకర్ర తడుముకుంటా దేవసేన,
"పండుకోరాదా, అదేమన్నా పసిబిడ్డా
లేచి లేచి చూసేదానికి" అనింది.

అటక మీది చెక్కపెట్టె దించినాను.
లోపల రేకు తుప్పు పట్టింది,
ఒక మూల ఎన్నేళ్ళదో ఎర్రమరక, గోకినా పోలేదు.
బస్టాండు కాడ జ్యూసంగడి మూసే టైము.
రహమత్ బాషా అరగడ్డ ఐసు గోనెలో చుట్టి,
"ఏం అన్నా, మళ్ళా వ్యాపారమా?" అన్నాడు.
ఒక్కటే గిరాకీ, అన్నాను.

ఆవకాయకని తెచ్చిన కల్లుప్పు
దేవసేన చూడకుండా మూడు దోసిళ్ళు.
గిన్నె చుట్టూ ఐసు, ఐసు మీద ఉప్పు,
గిన్నెను కుడికీ ఎడమకీ తిప్పతా వాకిట్లో కూచున్నాను.
ఉప్పు తగిలి ఐసు కరగతాది,
కరగతా కరగతా పక్కదాన్ని గడ్డకట్టిస్తాది.
చదువుకున్నోళ్ళు దీన్ని ఎట్లా చెబుతారో ఏమో,
నా వేళ్ళు మొద్దుబారినాయి, అంతే.

ఉక్కకు లేచి ప్రసూన బయటికొచ్చింది.
"జరుగు నాయనా" అని గిన్నె అందుకుంది.
అరచేతుల్లో కాయలు కాసిన చేతులు.
ఆ చలి వాటికి ఆనినట్టే లేదు.
నా అరగంట పని పది నిమిషాల్లో ముగించింది.

చెంచాతో ఒక ముద్ద.
నాలుక మీద పెట్టుకుని కళ్ళు మూసుకుంది.
నేను గిన్నె వైపు చూస్తా కూచున్నాను.

"రవ్వరవ్వగా ఉండాది."

ఉంటాది మరి.

"ఎన్ని గ్రాములు?"

క్యాలెండరు వెనక పెన్సిలుతో వేసిన లెక్క చెప్పినాను.
నాలుగు గిన్నెలకు పంచితే గిన్నెకు ఇరవై రెండు.
ఇంకో ముద్ద తీసి
ఆమె నోటికి కాకుండా నా నోటికి పెట్టింది.
చెనక్కాయ, మామిడి, ఎక్కడో అడుగున రవంత ఉప్పు.
మూత సరిగ్గా పడలేదేమో.

కరెంటొచ్చింది. ఫ్రిజ్ మూలిగింది.
ఇద్దరం లేవలేదు.

లోపల్నుంచి దేవసేన గొంతు:
"ఆ ఉప్పునీళ్ళు కరేపాకు చెట్టుకు పొయ్యొద్దండి."