ఏడు నిమిషాల బకెట్టు

మృగశిర వచ్చేసింది.
తవిటయ్య మోకు విప్పి చూరుకు తగిలించాడు.
"అయిపోనాది బావూ, గెలలు ఎండిపోనాయి."
ఇంక చెట్ల పని చెట్లది.
నా పని పొరది.

మూతబడ్డ మంచినీళ్ల ప్లాంటులో
తుక్కు లెక్కన ఆరువందలకి కొన్నాను దీన్ని.
తెల్ల గొట్టంలో బిగించి చుట్టిన చాప,
ఏ కంటికీ ఆనని కంతలు.
పదకొండేళ్లు అక్కడ మోటరు నొక్కినవాణ్ణి.
ఉద్దానం నీళ్లు దీనిగుండా తోసి
దాటినవి బిందెల్లోకి,
ఆగినవి మురుక్కాలవలోకి.

ఇక్కడ తిరగబడింది యవ్వారం.
దాటేది ఒట్టి నీరు,
ఆగేది తీపి.
ఆగినదాన్నే పెనంలో పోస్తాను.
మూడు మోపుల జీడికంప తినే పొయ్యి
ఒకటిన్నరతో సరిపెట్టుకుంటోంది.
"కరెంటు బెల్లం" అంటారు ఊళ్లో,
అని, అరకేజీ పట్టుకుపోతారు.

మొదట జాలీ.
రెండు గండుచీమలు, ఒక తేనెటీగ,
తాటిపూల పుప్పొడి పసుపు బురద.
ఆ తేనెటీగ ఏ ముంతలో పడిందో,
ఎంత సంతోషంగా పడిందో.

తర్వాత, దాచిన నీళ్లు.
చెట్టు వేరుతో తాగి, గెలతో కార్చి,
పొర దాటి వచ్చిన నీళ్లు. మూడు క్యాన్లు.
కుళాయి నీళ్లు పనికిరావు,
బ్లీచింగు వాసన తగిలితే చాలు, పొర చస్తుంది.
వాల్వు బార్లా తెరిచి, ఒత్తిడి లేకుండా,
పసిపిల్ల నోరు కడిగినట్టు.

తర్వాత సోడా.
చెయ్యి ఓర్చుకునేంత వేడి, అంతకుమించి కాదు.
అరగంట తిరిగి టీ రంగులో బయటికొచ్చింది
నాలుగు నెలల జిగురు.
బకెట్టు పెట్టి గడియారం చూశాను.
మాఘంలో గోడమీద సుద్దతో రాసుకున్నది: ఏడు నిమిషాలు.
ఇవాళ పొద్దున పదకొండు.
సోడా అయ్యాక తొమ్మిది.

మిగిలింది సున్నం.
నీరా పులవకుండా ముంతకి పూసే సున్నమే
ఇక్కడికొచ్చి పొరని పట్టేస్తుంది.
కాపాడిందే అడ్డం పడుతుంది,
ఎవర్ని తిట్టాలి?
నిమ్మఉప్పు గుప్పెడున్నర కలిపాను.

వదిన గున్నమ్మ అరుగుమీద చేరబడి చూస్తోంది.
సోమవారం, గురువారం పలాస బస్సు ఆమెది.
ఎడమ మోచేతి దగ్గర నరం
చెవి పెడితే మోటరులా రొదపెడుతుంది.
"నన్నుతికే మిషనుకీ ఇలగే నిమ్మఉప్పు పోస్తారేటి?"
పోస్తారొదినా, అన్నాను.
ఇంకా చెబుదామనుకున్నాను.
అక్కడా ఒక పొరేననీ,
దాటింది కాలవకి పోతే
ఆగిందే మనిషనీ.
చెప్పలేదు.
ప్లాంటులో పదకొండేళ్లు ఏ బోరు నీళ్లు తోశానో
నాకు తెలుసు, ఆమెకీ తెలుసు.
ఆ నీళ్లు రాకముందు తాగినవే ఆమెవి అంటాడు డాక్టరు.
కావచ్చు.

బెల్లం ఆమె తినకూడదు.
అచ్చులోంచి తీసిన మొదటి ముక్క
ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని,
డబ్బాలో వేసేస్తుంది.
"ఈయేడు పొగవాసన తగ్గింది" అంటుంది.
ఎప్పుడూ తప్పదు ఆ ముక్కు.

కాగితం ముక్క నీళ్లలో ముంచాను,
ఎరుపు పోయి పచ్చబడేదాకా కడిగాను.
మళ్లీ బకెట్టు.
వదినే సెల్లులో టైము చూసింది.
ఏడూ ముప్పావు.

ఆ ముప్పావు ఇంక రాదు.
ఎంత కడిగినా రాదు.
సుద్ద తీసి ఏడు కిందే రాశాను,
ఏడు చెరపలేదు.

మందు కలిపిన నీళ్లలో ముంచి మూత బిగించాను.
ఎండితే పగిలిపోతుంది,
మాఘం దాకా తడిలోనే పడుకోవాలి.
క్యాను అడుగున ఇంకో చెంబుడు మిగిలింది.
వదిన చెయ్యి చాచింది.
రోజుకి ఆమెకున్న కొలతలో
సగం గ్లాసు.

తాగి, మూతి తుడుచుకుని,
"ఏ రుసీ లేదురా" అంది.
ఎప్పుడో చినుకు మొదలైంది.
తవిటయ్య మోకు తడుస్తోందని
లేచి లోపల పెట్టింది.