కింది ఇంటి పోగు

గోడలకు రంగులేసినోళ్ళు వదిలిపోయిన
ఇరవై లీటర్ల బకెటు.
మేకు కాల్చి అడుగున ఐదు బొక్కలు పొడిచిన.
రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు పెండ ఎరువు,
గుప్పెడు కొబ్బరిపీచు.
ఇది కూరలబండి ఓదెమ్మ చెప్పిన లెక్క.
"బీర పెట్టు బిడ్డా, బీర ఆగది" అన్నది.
బకెటు అంచుకు ఇంకా అంటుకొనే ఉన్నది
ఎవరి గోడదో లేతనీలం చుక్క.

ఆషాఢం మొదటి వాన.
హన్మకొండ నయీంనగర్‌ల మూడో అంతస్తు,
ఎడమ చెయ్యి చాపితే పక్కింటి ఏసీ డబ్బా,
కుడి చెయ్యి చాపితే కరెంటు వైర్లు,
నడుమ నాకున్న భూమి రెండు జానలు.

ఐదోనాడు మొలక లేచింది,
గింజపొట్టు నెత్తి మీద అట్లనే పెట్టుకొని.

దవాఖానల రాత్రి డ్యూటీ నాది.
నెత్తురు సీసాల మీద పేర్లు రాసి రాసి
పొద్దున ఏడింటికి వచ్చి చూస్తే
నిన్న కిటికీ చువ్వ కాడున్న కొస
ఇయ్యాల దండెం మీదున్నది.
ఆరేసిన నా కోటు చేతిని
నులితీగ మూడు చుట్లు చుట్టి పట్టింది.
మెల్లగనే విడిపించిన.
తెగింది.

కింది అంతస్తు రాజమల్లు
అప్పటికే రెండుసార్లు మెట్లెక్కి వచ్చిండు.
"నీ బకెటు నీళ్ళు నా జంపఖానా మీద పడ్తున్నయ్.
ఎర్రమరక. పోయే మరకనా ఇది?"
కొత్తవాడల నలభై ఏండ్లు
మగ్గం గుంతల కాళ్ళు పెట్టి కూసున్న మనిషి.
మగ్గం అమ్మే ముందు నేసిన ఆఖరుదట,
అమ్మకుండ దాచుకున్నది.
బకెటు కింద పళ్ళెం పెట్టిన.
వాన వస్తే పళ్ళెం ఏం ఆపుతది?

పైకి పోదామంటే
పైనోళ్ళు అద్దాలు బిగించుకున్నరు.
అద్దం మీద జారి, రెండు రోజులు గాలిల ఊగి
తీగ తల కిందికి వంచింది.
దానికి పైన ఏంది, కింద ఏంది,
పట్టు దొరకాలె అంతే.
నాకు మాత్రం భయమైంది.
మూడో కొట్లాటకు ఓపిక లేక
కత్తెర తీసుకొని గ్రిల్లు మీదికి వంగిన.

కింద నుంచి ఒక పోగు.
ఎరుపు, నీలం, తెలుపు కలిపి పేనిన నూలు.
ఒక కొస ఆయన కమ్మీకి,
ఇంకో కొస నా కమ్మీకి.
డెబ్బై దాటిన మోకాళ్ళతోని
స్టూలు ఎక్కే కట్టిండో, ఎవరినన్న పిలిచిండో.
తీగ మెడ కాడ ముడి
బిగియలేదు, జారలేదు.
తర్వాత అడిగితే ఇంతే అన్నడు:
"లావైతది గదా, జాగ ఉంచాలె."

బీర పొద్దుగూకంగ పూస్తది.
ఇంత ఎత్తుకు పురుగు రాదు, పుట్ర రాదు.
మగపూలన్నీ నా దిక్కు,
పిందెపూలు ఆయన దిక్కు.
డ్యూటీకి దిగేటప్పుడు ఒక పచ్చటి పువ్వు తుంచి
రెండో అంతస్తుల ఆయన చేతిల పెడ్త.
నమస్తే లేదు, మాట లేదు.
నాకు బస్సుకు ఆలస్యం.
ఆయన లోపలికి పోయి
కండెలు చుట్టిన వేళ్ళతోని
పువ్వును పువ్వుకు అద్దుతడు.

ఏడు పిందెలు.
నాలుగు పసుపెక్కి రాలినయ్.
ఒకటి ఆయన కూరకు, ఒకటి నా పప్పుకు.
ఒకటి కోయొద్దన్నడు,
ఎండనీ, గింజకు కావాలె.

నిన్న మధ్యాహ్నం నిద్రల ఉంటే
మూడోసారి మెట్లెక్కి వచ్చి తలుపు కొట్టిండు.
ఆయాసం. గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డడు.
"నీళ్ళు పోస్తున్నవా లేదా? కింద ఆకు వాలింది."
"పోస్తే కారుతయ్ గదా, జంపఖానా..."
"దండెం జరిపిన" అన్నడు,
మెట్లు దిగుకుంట.