రెండు సెంటీమీటర్లు

హోర్షమ్ దాటి ముప్పై కిలోమీటర్లు.
తెల్లారకముందే లిండాల్ ట్రాక్టర్ ఎక్కాను.
సీటు వెనక నేను బిగించిన రౌటర్,
కప్పు మీద పుట్టగొడుగంత యాంటెన్నా.

నిరుటి గోధుమ కొయ్యకాళ్ళు ఇంకా వరుస చెడలేదు.
వాటి మధ్య సందులో ఈ ఏటి మసూరు పడాలి.
జానెడు సందు.
గొర్రు కాస్త పక్కకి పోయిందా, కొయ్యకాళ్ళ మీదే నడక.

"పద్దెనిమిది ఉపగ్రహాలు కనిపిస్తున్నాయి" అన్నాను.
"కనిపిస్తే సరా? నిజం చెబుతున్నాయా?"

చెప్పవు. వచ్చే దారిలో ఆకాశం మాట మార్చేస్తుంది,
మూరెడు, ఒక్కోసారి బారెడు.
అందుకే ఊళ్ళో ధాన్యం గోదాము కప్పు మీద
కదలని పెట్టె ఒకటి.
తానెక్కడుందో దానికి తెలుసు.
పైవాళ్ళు ఎంత తప్పారో లెక్కగట్టి
సెకనుకోసారి మా సిమ్ కార్డు చెవిలో వేస్తుంది.

వాగు పల్లంలో సిగ్నల్ పోయింది.
తెర మీద పచ్చచుక్క పసుపైంది.
లిండాల్ బండి ఆపి ఫ్లాస్కు మూత తిప్పింది.
రెండో సిమ్ అందుకుంది రౌటర్.
నాలుగు, అయిదు, ఆరు...
పచ్చ.

ఊరుకోలేక చెప్పాను:
ఆ కదలని పెట్టే కదులుతోందని,
వాస్తు చూసుకున్నట్టు ఈ ఖండమంతా
ఏటా ఏడు సెంటీమీటర్లు ఈశాన్యానికి జరుగుతోందని.

"మరి నిరుటి వరసలు?"
"అవీ మనతోనే."
"కంచె?"
"అదీ."
"కంచె అవతల బారీ హైన్రిక్?"
"ఆయనా."

"ఛ" అని గేరు వేసింది.