ఖాళీ గడి

ఉప్పలమిట్ట తాలూకాఫీసు ఆవరణలో
జీపు షెడ్డుకీ మరుగుదొడ్డికీ మధ్య,
ముళ్ళకంచె వేసిన నాలుగడుగుల చోటులో
వాన కొలిచే డబ్బా ఒకటుంది.
పొద్దున ఎనిమిదిన్నరకి మూత తీసి
గాజుసీసాని కళ్ళకెదురుగా పట్టుకుని
ఎన్ని మిల్లీమీటర్లో రాయడం నా పని.
నాకు ముందు ఖాదర్ మస్తాన్ రాశాడు.
ఆయనకు ముందు ఎవరో, పేరు లేదు,
అరసున్నాలు పెట్టే చేతిరాత మాత్రం ఉంది.

మా ఊరు మిట్ట మీద ఉందని పేరుకే.
మన్నేరుకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

పాత రిజిస్టర్లు తిరగేస్తుంటే
ఒకచోట సున్నాలు మొదలవుతాయి.
సున్నా కింద సున్నా, సున్నా కింద సున్నా,
సంతకు తోలుకుపోయిన గొడ్ల గిట్టల జాడల్లా
పదకొండు నెలలు.
మస్తాన్‌కి విసుగొచ్చి కొన్నాళ్ళు గీతలు పెట్టాడు.
ఒక పుష్యమాసం పొద్దున
0.2 అని రాసి, పక్కన పెన్సిల్‌తో:
“వాన కాదు. మంచు. అయినా రాశాను.”

ఆ ఏడే పడమటి మెట్ట నుంచి జనం
బావుల్లో పూడిక తీసే పనికని వచ్చి,
మా బావుల్లోకి తొంగి చూసి,
“ఈడా ఇంతేనా” అని
అరుగు మీద కూర్చుని సద్దిమూట విప్పుకు తిని
వచ్చిన దారినే పొయ్యారంట.
అది రిజిస్టరులో లేదు. వెంగమ్మవ్వ చెబితే విన్నాను.

భూమి కదిలిన రాత్రికీ కాలమ్ లేదు.
వంటింట్లో ఇత్తడి గిన్నెలు వాటిలో అవి మాట్లాడుకున్నాయి.
పొగాకు బేరన్ గోడ నెర్రె విచ్చింది.
మీరావలి కొట్లో త్రాసు
ఎవరూ ఏమీ వెయ్యకుండానే అటూ ఇటూ ఊగి
సరిగ్గా మధ్యన నిలబడిందంట.
“ఇదే మొదటిసారి” అన్నారు ఊళ్ళో.

రొయ్యల గుంటలు తెగినప్పుడు
తారురోడ్డు మీద రొయ్యలు ఎగిరెగిరి పడుతుంటే
అప్పు తెచ్చినోళ్ళు తలుపులేసుకున్నారు,
పిల్లకాయలు బొక్కెనలు తీసుకుని పరిగెత్తారు.
ఆ రోజు 211.4.
అంకె బాగానే ఉంది. అంకెకేం.

ఇక ఆ పేజీ.
కార్తీకం, గాలివాన.
ముందురోజు 38.6.
తర్వాతి గడి ఖాళీ. దాని కిందవి రెండూ ఖాళీ.
అంచులో మస్తాన్:
“డబ్బా కనపడలేదు. కంచె కూడా.”
నాలుగోనాడు సరుగుడు తోటలో దొరికింది,
బోర్లా కాదు, నిలువుగా, ఎవరో తెచ్చి పెట్టినట్టు,
నిండా నీళ్ళతో.
కొలవబోయి, ఎందుకో వేలు ముంచి
నాలుక మీద పెట్టుకున్నాడు.
ఉప్పు.
సముద్రం పదమూడు మైళ్ళు.
ఉప్పుకి కాలమ్ లేదని పారబోశాడు.

నిన్న పావనమ్మ వచ్చింది.
పింఛనుకి యాభై దాటిందని రుజువు కావాలన్నారంట.
ఆ గాలివాన రాత్రే, బడిలో,
రెండు బెంచీలు దగ్గరికి లాగి పడుకోబెడితే
వాళ్ళమ్మ కన్నది. పెట్టిన పేరు తుఫానమ్మ.
రేషను కార్డు రాసినాయన బాగుండదని
పావనమ్మ చేశాడు.
“ఆ గాలివాన నీ బుక్కులో ఉంటదిగా అబ్బయ్యా,
చూపించు.”

చూపించాను.
బావిలోకి చూసినట్టు చాలాసేపు చూసింది గడిలోకి.
“ఇదేందీ, ఏం లేదే.”
“అదే నువ్వు పుట్టిన రోజు.”

డిప్యూటీ తాసిల్దారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ
“ఖాళీని ఎట్టా అటెస్ట్ చేసేది?” అన్నాడు.
ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాడు.

ఇప్పుడు డబ్బా పక్కనే కొత్త మిషను వచ్చింది.
దానంతటదే కొలుచుకుని దానంతటదే
పైవాళ్ళకి చెప్పేసుకుంటుంది.
నేను మాత్రం ఎనిమిదిన్నరకి పోతూనే ఉన్నా.

పావనమ్మ కదల్లేదు.
“అయితే అదే జిరాక్స్ తీసియ్యి” అంది,
కొంగు ముడి విప్పి రెండు రూపాయలు తీస్తూ.

బస్టాండు కాడ తీయించాం.
గళ్ళు పలచగా వచ్చాయి.
మస్తాన్ పెన్సిల్ అసలు రాలేదు.
ఖాళీ గడి మీద, ఇన్నాళ్ళూ నా కంటికి ఆనని
పాత చెమ్మ మరక ఒకటి
నల్లగా వచ్చింది.