పదిహేడో మనిషి

చీమకుర్తిలో రాత్రి రెండింటికి
రాళ్ళు కోసే రంపాలకు నిద్ర రాదు.
పాలిష్ యూనిట్ వెనక, డీజిల్ డబ్బాలు పక్కకు జరిపి
ఒక బల్ల, ఒక ఎర్ర బల్బు, ఒక మీట:
ఇదే నా ప్రయోగశాల.
పెట్టె చేసిచ్చింది ఒంగోలు రేడియో మెకానిక్ బాజీ.
"సెకనులో వెయ్యో వంతు కూడా పట్టేస్తదమ్మా" అని
నూటయాభై ఎక్కువే తీసుకున్నాడు.

ప్రశ్న చిన్నది.
నడిరేయి ఇరవై నిమిషాల కునుకు
మనిషి ఎరుకను తిరిగి తెస్తుందా?

నలభై మంది.
స్టీలు టిఫిను డబ్బాలో నలభై చీటీలు.
ఇరవైటి మీద కునుకు, ఇరవైటి మీద మేలుకువ.
మస్తాన్‌బీ కళ్ళు మూసుకుని కలిపింది.
ఎవరికి ఏది రావాలన్న కోరిక
మాకు ఉండకూడదని పుస్తకంలో ఉంది.
కోరిక నాకు ఉండింది.

పడుకోమంటే కొందరు సిగ్గుపడ్డారు.
మేస్త్రీ కళ్ళ ముందు, పని వేళ, పడుకోవడం
వాళ్ళకదే మొదటిసారి.
మేలుకువ చీటీ వచ్చిన ఒడిశా కుర్రాడు
"నా అదృష్టం ఇంతే మేడం" అన్నాడు.
నాకు కావలసింది అదేనని చెప్పబోయి
ఆగిపోయాను.

మొదలుపెట్టకముందే నోటుబుక్కులో రాసి సంతకం పెట్టా:
ఎవరినీ తీసేయను.
మన మీద మనకు నమ్మకం లేనప్పుడే
నియమం ముందుగా రాసుకుంటాం.

లెక్క తేలిన రోజు
పీ విలువ సున్నా పాయింట్ సున్నా ఎనిమిది.
గీత సున్నా ఐదు దగ్గరుంది.
ఫోన్లో గైడు: "పదిహేడో నంబరు చూడు.
అందరూ మూడొందల మిల్లీసెకన్లలో నొక్కితే
ఆయన పదకొండొందల నలభై!
అది మనిషి కాదమ్మా, పొరపాటు. తీసెయ్."

తీసి చూశా. ఊరికే, చూద్దామని.
సున్నా పాయింట్ సున్నా మూడు.
స్క్రీను మీద ఆ అంకె
ఆకలేసినప్పుడు పక్కింటి పోపు వాసనలా ఉంది.

యూనిట్ బయట నిలబెట్టిన నల్లరాతి పలకల మీద
వెండి చుక్కలు.
ఏ రెంటిని కలిపినా గీతే,
ఏ ఏడింటిని కలిపినా సప్తర్షులే.
రాయికి ఆ సంగతి తెలీదు.

పదిహేడు అంటే ఎలమంద.
మళ్ళీ కూర్చోబెట్టి, ఈసారి గడియారాన్ని వదిలేసి
ఆయన్ని చూశా.
బల్బు వెలిగింది.
ఎలమంద మెడ వెనక్కి తిరిగింది.
కుడివైపు. ఎడమవైపు.
అప్పుడు నొక్కాడు.

"ఎందుకట్టా చూస్తావు?"
"రంపం మీట నొక్కేముందు
ఎనకమాల ఎవరన్నా ఉండారేమో చూసుకోవాల గదమ్మా.
ఒక ఏడు చూడకుండా నొక్కా.
అంకయ్య ఉండాడు."
ఇంకేం చెప్పలేదు.
బల్బు ఆరిపోయినా దాన్నే చూస్తా కూర్చున్నాడు.

నేను కొలిచింది వేగం.
దానికి ఎరుక అని పేరు పెట్టింది నేనే.
నలభై మందిలో వెనక్కి చూసినవాడొక్కడు
నా పట్టికలో మందకొడి.

సిద్ధాంత గ్రంథంలో నలభై మందీ ఉన్నారు.
"శూన్య పరికల్పనను తిరస్కరించలేకపోయాం" అని రాశా.
కునుకు పనిచేయదని ఆ మాటకు అర్థం కాదు,
మాకు తేలలేదని.
దాని కింద ఎలమంద మెడ తిప్పిన సంగతి
రాస్తే గైడు కొట్టేశారు,
మళ్ళీ రాస్తే మళ్ళీ కొట్టేశారు,
చివరికి పేజీ అడుగున చిన్నక్షరాల్లో దూర్చా.
వైవాలో ఆ పేజీ ఎవరూ తిప్పలేదు.

మస్తాన్‌బీ ఒకటే అడిగింది:
"కునుకు తీసినోళ్ళు ఆ తెల్లారి
నవ్వుకుంటా పోయినారే, అది రాశావా మే?"
రాయలేదు.
దానికి మీట లేదు.

ఇప్పుడు పొద్దున్నే
మిక్సీ స్విచ్ మీద వేలు పెట్టి వెనక్కి చూస్తాను.
ఎవరూ ఉండరు.
ఎనిమిదొందల మిల్లీసెకన్లు పడుతుందేమో,
చట్నీ దాకా ఎవరూ అడగరు.