సున్నాకి పది

అరండల్‌పేటలో మా మేడమెట్ల కింద
ఖాజావలి ముందు తీగ పీకేశాడు.
"గంట మోగేటప్పుడు లోపల చెయ్యి పెడితే
తేలు కుట్టినట్టుంటదమ్మా, ఆగండి."

డయల్ విప్పితే ఎర్రటి దుమ్ము.
యార్డులో ముప్పయ్యేళ్లు
మిర్చి ధరలు అరిచిన ఫోను మరి.
ఇద్దరం తుమ్మాం.

ఫైబర్ డబ్బాకి ఈ టకటకలు అర్థం కావట,
మధ్యన అగ్గిపెట్టెంత దుబాసీని కూచోబెట్టాడు.
"ఒకటికి ఒక దెబ్బ, రెండుకి రెండు."
"సున్నాకి?"
"పది."

ఇన్నాళ్లూ సున్నా అంటే ఏమీ లేదనుకున్నాను.

తీగ మళ్లీ తగిలించాక
నా సెల్లుకే తిప్పాను.
తొమ్మిది వెనక్కి రావడానికి ఎంతసేపో!
చివరి సున్నా ఇంకా తిరుగుతుండగానే
ఖాజావలి సందు చివర టీ చెప్పొచ్చాడు.

సంచిలో సెల్లు మోగింది.
ఎత్తితే,
నా తుమ్మే నాకు వినపడింది.