పురికొసకి కట్టిన పుస్తకం

మూడో అంతస్తులో, మందుల అల్మైరా పక్కన
మేకుకి వేలాడుతుంటుంది.
పెన్నుకీ ఒక పురికొస కట్టాం.
పెన్ను మాత్రం నెలకోసారి పోతుంది.

అంతకు ముందు కంప్యూటరొకటి వచ్చింది.
రిబ్బను కత్తిరించి, జీడిపప్పు పంచి,
మీ అనుభవాలన్నీ ఇందులో దాచండమ్మా అన్నారు.
పాస్‌వర్డ్ తెలిసిన గుమాస్తా
గాజువాక బదిలీ అయిపోయాడు.
ఇప్పుడు దానిమీద గాజుగుడ్డ కట్టలు పెడుతున్నాం.

ఆ ఏడు తొలకరికి పాడేరు కుర్రాడొకడు
కడుపునొప్పితో వచ్చాడు.
గ్యాసు సూది నేనే చేశాను.
యారాడ కొండమీద లైట్‌హౌస్ దీపం ఆరేవేళకి
వాడి ఊపిరీ ఆగింది.

స్ట్రెచర్ తోసే వంతల డొంబు
గోడతో అన్నట్టు అన్నాడు:
"నేలమీద పడుకున్నోడికి తెల్లారగట్ల కడుపునొప్పొస్తే
రెప్పలు సూడాల. వాలిపోతంటే కట్లపామే.
గాటు కనబడదు. మా కొండల్లో పిల్లలకీ ఎరికే."
ముందే చెప్పలేదేం డొంబూ?
"అడిగినోలెవులు?"

పన్నెండేళ్ళు తోశాడు ఆ స్ట్రెచర్ని, మా మధ్యనుంచే.

మర్నాడు హెడ్ నర్సు సువార్తమ్మ
పూర్ణా మార్కెట్లో లెక్కల పుస్తకం కొనుక్కొచ్చింది.
రాయమని ఎవర్నీ అడగలేదు.
తనే రాసింది:
"తొంభై ఎనిమిదిలో ఇద్దరి రక్తం సంచులు తారుమారు చేశాను.
ఎక్కించే ముందు ఆయా చూసి ఆపింది.
ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు."
కింద సంతకం. ఇంటిపేరుతో సహా.

ఆ సంతకం కిందే నా చెయ్యి కదిలింది.
గ్యాసు సూది, తారీకు, మంచం నంబరు.
డొంబు మాట డొంబు యాసలోనే.
వద్దన్నా వేలిముద్ర వేశాడు.

పైనుంచి ఒకాయన దిగొచ్చి అడిగాడు,
ఇది విచారణకి పనికొస్తుందా అని.
సువార్తమ్మ పుస్తకాన్ని గుండెలకి ఆన్చుకుని
"చదువుకోడానికైతే ఇస్తానండీ" అంది.
ఆయన నిలబడే నాలుగు పేజీలు చదివాడు.
వెళ్తూ వెళ్తూ జేబులో పెన్ను వదిలేశాడు.

నిన్న రాత్రి రెండున్నర. హార్బర్లో ఓడ కూసింది.
అనంతగిరి పిల్ల, కడుపు పట్టుకుని.
హౌస్ సర్జన్ నఫీసా వచ్చి వారమే అయింది.
సూది తియ్యబోయి ఆగింది. పుస్తకం దాకా వెళ్ళింది.
తిరిగొచ్చి టార్చి వేసి
"పైకి చూడమ్మా" అంది.

రెప్పలు లేవలేదు.

విరుగుడు మందు, గొంతులో గొట్టం,
తెల్లవార్లూ గాలిసంచి నొక్కుతూ డొంబు.

పొద్దున డ్యూటీ మారేటప్పుడు
వేలిముద్ర కింద కొత్త వాక్యం కనిపించింది:
"చూశాను. వాలాయి. పిల్ల ఇంకా ఉంది."
డొంబు రెండుసార్లు చదివించుకున్నాడు.

పెన్ను మళ్ళీ పోయినట్టుంది.
కాటుక పెన్సిలుతో రాసింది.